అడ్డమొచ్చే బిడ్డను రానివ్వండి



శెనక్కాయలు ఒలిచేటప్పుడు రెండేళ్ల బిడ్డ అడ్డం వస్తే టీవీ ముందు కూర్చోబెట్టడం మన విడపనకల్లు ఇళ్లలో మామూలే. నా అభిప్రాయంలో ఆ అడ్డం రావడమే బిడ్డకు బడి. “ఇది గంపలో వెయ్యి, అది అవ్వకివ్వు” అంటే బిడ్డ వింటాడు, తిరిగి పలుకుతాడు. టీవీ ఎంతసేపు మాట్లాడినా బిడ్డ అడిగినదానికి బదులివ్వదు.

ఒక్క జాగ్రత్త. ఒలిచిన గింజలు మాత్రం అందనివ్వొద్దు. చిన్నపిల్లలకు గింజ శ్వాసనాళంలో ఇరుక్కుంటే ప్రాణాపాయం. ఎర్రగడ్డలు ఏరనివ్వండి, ఉతికిన గుడ్డలు మడవనివ్వండి. పని ఆలస్యమవుతుంది, కానివ్వండి.

టీవీ పూర్తిగా వద్దనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లలోపు వద్దు. రెండు నుండి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదు. సెల్‌ఫోన్ కూడా ఆ గంటలోదే. నిదానంగా మాట్లాడే తెలుగు కథ చూపించి, పక్కనే కూర్చుని “కాకి ఏం చేసింది?” అని అడగండి. రాత్రి మనం చూసే అత్తాకోడళ్ల సీరియల్ ఒళ్లో బిడ్డ కూడా చూస్తున్నట్టే లెక్క!

రెండేళ్లు నిండినా “అమ్మా, రా” అని రెండు మాటలు కలపకపోతే, పెద్దయ్యాక వస్తాయిలే అని ఆగకుండా వినికిడి పరీక్షకు తీసుకురండి.