మన పెరటితోట : లిల్లీ పేరును, బొమ్మల పుస్తకమును



మేడ్చల్ బాటను గాని, శామీర్‌పేట మీదుగా పోవు రాజీవ్ రహదారిని గాని పట్టి పోవునపుడు దారిప్రక్కల పచ్చని వలల నీడలో పూలమొక్కల నర్సరీలు కానవచ్చును. దూరపు గోదావరి సీమయందలి కడియము తోటలనుండి లారీలలో దిగిన మొక్కలును వానిలో నుండును. తొలకరి పడినది మొదలు గృహిణులు వాని చుట్టు మూగుదురు. ఏ నర్సరీవాని నడిగినను లిల్లీ యున్నదనియే చెప్పును. ఆ లిల్లీ యేదియని మరల నడిగినచో ఒక్కొక్కచోట నొక్కొక్క మొక్కను చూపును. ఆ పేరు తెచ్చు చిక్కును గూర్చియు, ఆ చిక్కును విడదీయు బొమ్మల పుస్తకములను గూర్చియు ఈ మాసమున వ్రాయ దలచితిమి.

ఇటీవల శామీర్‌పేట వైపునుండి ఒక సోదరి మాకు వ్రాసిన లేఖలో ఇట్లడిగినది. డే లిల్లీ మొగ్గలను చీనాదేశమున వండుకొని తిందురని ఆమె ఫోనులో చదివినదట. తమ పెరటిలో లిల్లీ విరివిగా పూచుచున్నదట. ఆ మొగ్గలను పులుసులో వేయవచ్చునా యని ప్రశ్న. మొక్క ఎట్లుండునో ఆమె తెలుపలేదు. లిల్లీ యను పేరు మాత్రమే తెలిపినది. ఈ పేరొక్కటి చూచి ఔనని చెప్పుట ఎంతటి ప్రమాదమో వినుడు.

మన పూలయంగళ్లలో లిల్లీ యనగా నేలసంపెంగ. సాయంకాలము గుబాళించు ఆ తెల్లని పూలనే దండలు కట్టుదురు. నర్సరీలో వానలిల్లీ యని యిచ్చునది చిన్న యుల్లిగడ్డవంటి గడ్డయు, గడ్డిపోచవంటి యాకును, కాడకొక్క పువ్వును గలది. స్పైడర్ లిల్లీకి గడ్డ పెద్దది. తెల్లని రేకులు సాలీని కాళ్లవలె సన్ననివి. మన పెద్దలు విషముంగలి యనియు, కేసరిచెట్టనియు పిలుచునదియు నేడు లిల్లీ యనియే అమ్ముడుపోవుచున్నది. ఇక వానకాలమున పొదలపై నిప్పుమంటవలె పూచు అడవినాభి కలదు. పొత్తిదుంప, అగ్నిశిఖ యనునవియు దాని పేర్లే. ఆకుకొనలు మెలితిరిగి దొరికిన కొమ్మను పట్టుకొని ప్రాకుట దీని గుర్తు. దుంప నాగలివలె వంగియుండును గనుక సంస్కృతమున లాంగలి యైనది. తోటల పుస్తకములలో దీని పేరు గ్లోరీ లిల్లీ. ఈ మొక్కయందంతటను, దుంపయందు మరి విశేషముగాను, కాల్చిసిన్ అను విషమున్నది. దానిని తిని ప్రాణములు గోల్పోయినవారు కలరు. విషముంగలి గడ్డయు, వానలిల్లీ గడ్డయు తినదగినవి కావు.

డే లిల్లీ వీనిలో దేనికిని చెందినది కాదు. శాస్త్రజ్ఞులు దానిని హెమరోకాలిస్ అందురు. పగలు, అందము అను అర్థములు గల రెండు గ్రీకు పదములను గూర్చి లిన్నేయస్ పండితుడు 1753లో ఆ పేరును గ్రంథస్థము చేసెను. చీనా, జపాను, కొరియా దేశములు దాని పుట్టినిండ్లు. ఉదయమున విరిసిన పువ్వు మాపటికి వాడును. ఒక్కొక్క కాడపై మొగ్గలు పెక్కు లుండుటచే మొక్క మాత్రము వారముల తరబడి పూచుచునే యుండును. దీనికి గడ్డ లేదు. త్రాళ్లవంటి దళసరి వేళ్లును, నడుమ నడుమ నుబ్బిన దుంపలును ఉండును. ఆకులు మొదటినుండియే రెండు వరుసలుగా విసనకఱ్ఱవలె విచ్చుకొనును. పూకాడపై ఆకులుండవు, తుదయందు చీలి మొగ్గలు తొడుగును.

కావున ఆ సోదరికి మా సమాధానమిది. మొక్క యేదో తేలనిదే మొగ్గనైనను నోట బెట్టరాదు. తేలిన పిమ్మటను, పూవు కొఱకు నర్సరీలో పెంచి పురుగుమందులు చల్లిన మొక్కను వంటకు వాడరాదు. పిల్లిని పెంచువారు మరియొక సంగతి గమనింపవలెను: డే లిల్లీ ఆకు గాని పువ్వు గాని పిల్లి కడుపున బడినచో దాని మూత్రపిండములు చెడి చచ్చును.

పేరును నమ్మి మొక్కను పోల్చుట ఎంత కష్టమో మావంటివారికి చిన్ననాటనే తెలియును. అమరకోశములోని వనౌషధివర్గమును మేము తండ్రిగారి యొద్ద వల్లించితిమి. ఒక చెట్టునకు పది పేర్లు, ఒక పేరునకు నాలుగు చెట్లు కంఠస్థమైనవి గాని, పెరటిలో నిలిచి ఇది ఫలానాదని వ్రేలు చూపుటకు ఆ శ్లోకములు చాలకపోయినవి. చెట్లెరిగిన పెద్దలు ఇంట నుండిన కాలమున ఆ కొఱత తెలియలేదు. నేడు మేడ్చల్, శామీర్‌పేటల కొత్త కాలనీలలో ఇల్లు కట్టుకొనిన గృహిణికి అడుగుటకు ముసలమ్మ లేదు. అట్టి యెడ బొమ్మల పుస్తకమే పెద్దదిక్కు.

అట్టి పుస్తకము మన తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. కుంఫిణీ వైద్యుడగు విలియం రాక్స్‌బర్గు 1781 మొదలు 1793 వరకు గోదావరి సీమలోని సామర్లకోట యందుండి అచ్చట మొక్కల తోట వేసి, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. వానిలో మున్నూరింటిని ఏరి 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో ముద్రించిరి. కోరమండల తీరపు మొక్కలని దాని పేరు. పువ్వుగల కొమ్మతో పాటు కేసరములను, కాయను, గింజను విడదీసి చూపుట ఆ బొమ్మల పద్ధతి. తెలుగువారు చెప్పిన పేర్లను రాక్స్‌బర్గు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. ఆ సంపుటములను నేడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ యను అంతర్జాల గ్రంథాలయమున వెల లేకయే చూడవచ్చును. అటు పిమ్మట మదరాసున రాబర్టు వైటు 1838 మొదలు 1853 వరకు రెండువేలకు పైబడిన మొక్కల బొమ్మలను అచ్చొత్తించెను. ఆయన కొలువున బొమ్మలు వ్రాసినవారు రంగయ్య, గోవిందు అను చిత్రకారులు. వైటు ఒక మొక్కజాతికి గోవిందు పేరే పెట్టెను. సామర్లకోట చిత్రకారులకు అట్టి కీర్తి దక్కలేదు. వారు వ్రాసిన బొమ్మలు లండను చేరినవి గాని తెలుగు చదువు ఇల్లాలి చేతికి తెలుగు పుస్తకమై తిరిగి రాలేదు.

డే లిల్లీ కొఱకే వ్రాయబడిన పుస్తకములు అమెరికా దేశమున పెక్కు గలవు. న్యూయార్కు వృక్షోద్యానమున పనిచేసిన ఏ. బి. స్టౌట్ 1934లో ప్రకటించిన గ్రంథము వానికి పెద్దన్నవంటిది. అడవిజాతులను, తోటజాతులను వేరుపరచి వివరించిన పుస్తకమది. 1946లో డే లిల్లీ ప్రియులు ఒక సంఘముగా నేర్పడి, క్రొత్త రకముల పేర్లను నమోదుచేయు భారము వహించిరి. నేటికి నమోదైన పేర్లు లక్షకు మించినవి. అన్ని రకములకు బొమ్మలు వేయుట ఏ పుస్తకమునకును శక్యము కాదు గనుక పిమ్మటి గ్రంథకర్తలు ఏరి చూపిరి. 1989లో వెలువడిన మన్సన్‌గారి గ్రంథమును, 2000లో పెటిట్, పీట్ అను నిరువురు వెలువరించిన వర్ణచిత్రముల గ్రంథమును ఈ తెగలోనివే. కొన్ని రకముల ప్రక్క టెట్రాప్లాయిడ్ అని యుండును. సామాన్యపు డే లిల్లీ కణమున క్రోమోజోములు 22, వీనిలో 44. మొలకలకు కాల్చిసిన్ పట్టించి ఈ రెట్టింపు సాధించిరి. మన అడవినాభిలో ప్రాణము తీయు విషమే అచ్చట రేకులకు దళసరితనము నిచ్చినది.

ఈ పుస్తకములు చేతికి వచ్చినపుడు పువ్వు బొమ్మ చూచి మురిసిపోయిన చాలదు. మొదట చూడవలసినది వేరును, ఆకును చూపిన పుట. ఆ పుట లేని పుస్తకము ముచ్చటకు పనికివచ్చును గాని మొక్కను పోల్చుటకు పనికిరాదు. రెండవది ఆకు స్వభావము. చలికాలమున ఆకు పూర్తిగా ఎండిపోవు రకములను డార్మెంట్ అనియు, ఏడాది పొడవున పచ్చగా నుండువానిని ఎవర్‌గ్రీన్ అనియు, నడిమివానిని సెమీ ఎవర్‌గ్రీన్ అనియు వ్రాయుదురు. మొదటి తెగలోని పెక్కు రకములకు గట్టి చలి కావలెను. అట్టి చలి మన దక్కనున లేదు. కావున ఇచ్చటివారు ఎవర్‌గ్రీన్ అని యున్నవానినే కోరవలెను. బొమ్మలోని రంగునకు లోబడి డార్మెంటును తెప్పించుకొన్న యిల్లాలికి ధనమును, శ్రమయు వ్యర్థమగును.

మూడవది కాలము. వారు వసంతమున నాటుడని వ్రాయుదురు. వారి వసంతము మంచు కరగిన పిమ్మటిది. మన వసంతము వెంట మండుటెండ వచ్చును. మన చెల్క నేలలలో తొలకరి పదును చూచి నాటుట మేలు. వేళ్లమీది మొదలు ఒక అంగుళము కంటె లోతున పాతరాదు. నీరు నిలిచినచో క్రుళ్లును. దినమంతయు ఎండ కావలెనని వారు వ్రాసినను, మన వేసవిలో మధ్యాహ్నపు నీడ అవసరము. ముదురెరుపు పూలు ఆ యెండకు వెలవెలబోవును.

నాలుగవది పుస్తకపు వయస్సు. ఆకుల అడుగున పసుపుపచ్చని పొడివంటి మచ్చలు పుట్టించు కుంకుమతెగులు అమెరికాలో మొదట కనబడినది 2000లో. అంతకు మునుపటి గ్రంథములలో దానికి మందు వెదకుట వ్యర్థము. పాత పుస్తకము జాతిని పోల్చుటకు మేలైనది. తెగులు మాట క్రొత్త పుస్తకము నడుగవలెను.

ఈ గ్రంథములన్నియు ఆంగ్లమున నున్నవి, వెలయు నెక్కువ. ఇంటింట కొనుట మాట యటుంచి, పది యిండ్లవారు చేరి ఒకటి కొని పాఠశాల గ్రంథాలయమున నుంచినచో అందరికి నుపయోగము. ఉపాధ్యాయుల యిండ్లలోని మేము ఇందుకు పూనుకొనుట న్యాయము. మఱియు ప్రతి యిల్లాలును ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెను. కొన్న తేది, నర్సరీవాడు చెప్పిన పేరు, ఆకు పొడవు, వేరు స్వరూపము, తొలిపూవు విరిసిన దినము వ్రాసి, పిల్లలచేత బొమ్మ వేయింపవలెను. పువ్వు మాపటికి వాడిపోవునది గనుక ఉదయముననే వేయించుట మంచిది. ఫోనుతో తీసిన ఛాయాచిత్రమును ప్రక్కన అంటింపవచ్చును గాని, వేరు ఛాయాచిత్రమున పడదు. మట్టి తీసి చూచి వ్రాయవలసినదే.

శామీర్‌పేట దాటిన ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. మేడ్చల్ చేరువన దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ యున్నది. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగున అచ్చొత్తించి చూపినది. నేడు విద్వాంసులును, ముద్రణ సౌకర్యములును ఆనాటి కంటె ఎన్నియో రెట్లు గలవు. నర్సరీలలో లిల్లీ యను పేర అమ్ముడుపోవు మొక్కలన్నిటిని వేరుతో, ఆకుతో, విషముగలది విషముగలదని ఎఱ్ఱని గుర్తుతో చూపు చిన్న తెలుగు పుస్తకము నలువది పుటలలో ముగియును. అట్టిది ప్రకటింప వలసినదని మహిళా సమాజములవారు ఆ సంస్థలకు విన్నపములు వ్రాయుదురు గాక. వ్రాయునపుడు తమ నోటుపుస్తకములోని రెండు పుటలను జతపరచినచో, ఏ మొక్కలకు ఏ పేర్లు చెప్పి మనకు అమ్ముచున్నారో వారికి తేటపడును.