సీసం పొగ పేదవాడి అన్నం కాదు

పనుల్లేని రోజుల్లో ఏ పొలం గట్టునో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించుకుంటే తప్పేమిటని అడిగేవాళ్లున్నారు. కడుపు కాలుతుంటే పొగ సంగతి ఎవరు చూస్తారు, నిబంధనలన్నీ మంచి రోజులకే అంటారు. పేదల పక్షాన మాట్లాడినట్టు వినిపించే ఈ వాదన పేదల బతుక్కే ఎసరు పెడుతుంది.

లెక్కే చూద్దాం. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. మోతె మీదుగా సూర్యాపేట–ఖమ్మం రోడ్డున తిరిగే లారీలవీ, మన ట్రాక్టర్లవీ, ఆటోలవీ, ఇన్వర్టర్లవీ పాత బ్యాటరీలన్నీ అమ్ముడుపోయే సరుకే. అనుమతి ఉన్న కార్ఖానా ధూళిని పట్టే యంత్రాలు నడపాలి, యాసిడ్‌ను శుద్ధి చేయాలి, పన్ను కట్టాలి. దొంగబట్టీకి ఆ ఖర్చేదీ లేదు కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి సరుకు ఎత్తుకుపోగలదు. సీసం ధర పడిపోతే ముందు దెబ్బతినేది నియమం పాటించినవాడే. కష్టకాలంలో సీసం కరగడం ఆగదు, చిమ్నీ లేని చోటికి మారుతుంది. లాభం వ్యాపారిది. కూలీకి మిగిలేది రోజుకూలీ, రోగం.

ఆ బట్టీల దగ్గర గొడ్డలితో పెట్టె పగలగొడతారు. యాసిడ్ నేల మీద పారబోస్తారు. లోపలి పలకలను బొగ్గు వేసి కాలుస్తారు. ఆ ధూళి కూలీ బట్టలకంటుకుని ఇంటికొచ్చి, పాకే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. సెనెగల్‌లోని డాకర్ శివారు తియారోయ్‌లో 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు 18 మంది పిల్లలు ఇలాగే చనిపోయారు. సీసం ధర పెరిగిందని, బతుకుతెరువు దొరికిందని అక్కడి ఆడవాళ్లు బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లెడ పట్టారు. ఆ సంపాదన ఏ తల్లికి అక్కరకొచ్చింది?

కంటికి కనిపించని విషం ఎముకల్లో చేరితే ఏమవుతుందో నల్లగొండ గడ్డకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఫ్లోరైడ్ రాతిలోంచి నీళ్లలోకి వచ్చింది. సీసం కూడా కాల్షియం దారినే ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది, పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. సీసాన్ని మాత్రం మనమే చేతులారా తెచ్చుకుంటున్నాం. రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని మన దేశపు 2001 బ్యాటరీ నిబంధనలే చెప్పాయి. 2022 నిబంధనలు ఆ బాధ్యతను తయారీ కంపెనీల మీద మరింత గట్టిగా పెట్టాయి. కష్టకాలం పేరు చెప్పి వాటిని సడలించడం కాదు, కూలీలకు రక్షణ ఉన్న కార్ఖానాల్లో పని చూపించాలి. మనవంతుగా బిల్లు ఇవ్వని చోట పాత బ్యాటరీ అమ్మకండి. ఆ నాలుగు రూపాయల ఎక్కువ ధరను ఎవరి బిడ్డో కడుతోంది.