పరీక్షింపక పాఱవేయుట తగదు

మా తెలుగు తరగతులకున్నది ఒక్కటే కంప్యూటరు. ఈ పత్రిక దానియందే కూర్పబడుచున్నది. మొన్న మీట నొక్కినను అది మేల్కొనలేదు. దీపము లేదు, పంకా చప్పుడు లేదు. పాతయినుము క్రింద తూచివేయుదమని కొందఱనిరి. పరీక్షింపనిదే మరణము నిర్ణయించుట తగదని మా అభిప్రాయము.

పరీక్షకొక వరుస కలదు. మొదట గోడసాకెట్టులో వేఱొక దీపము పెట్టి విద్యుత్తు వచ్చుచున్నదేమో చూడవలెను. పిదప కరెంటుతీగను మార్పవలెను. పెట్టె వెనుకనున్న చిన్న మీట వేసియున్నదా యని గమనింపవలెను. అటుపైన ప్లగ్గు ఊడదీసి, పెట్టె మూత విప్పి, ముందుమీటనుండి మదర్‌బోర్డునకు పోవు సన్నతీగలు వదులైనవేమో పరికింపవలెను. ఇవన్నియు సరిగానున్నచో మంచి పవర్ సప్లై నొకదానిని తెచ్చి తగిలించిన నిజము తేలును. అప్పటికిని లేవనిచో మదర్‌బోర్డును శంకింపవలెను. పవర్ సప్లై పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను అందలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును.

మా పిల్లలు మా యెదుట ఈ వరుసనే చూచిరి. చెడినది పవర్ సప్లై ఒక్కటియే. దానిని మార్పగా యంత్రము లేచినది. క్రొత్తది యడిగిన ఎన్నాళ్లకు వచ్చునో యెఱుగని చిన్న బడులకు ఈ ఓర్పే పెట్టుబడి. కావున విద్యార్థులారా! ఆగిన యంత్రమును తిట్టకుడు, తట్టకుడు, ఒక్కొక్కటిగా పరీక్షింపుడు.