సబర్ వేరు, హక్కు వదులుకోవడం వేరు

గత సంవత్సరం షాబాన్ మాసంలో మా మర్రిగూడ మండలం నుండి ఐదుగురు జిద్దా విమానం ఎక్కవలసి ఉండినది. నలుగురు ఉమ్రాకు బయలుదేరిన వృద్ధులు, ఒకరు సెలవు ముగించుకొని డ్రైవరు ఉద్యోగానికి తిరిగి పోతున్న యువకుడు. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వారిని శంషాబాద్ చేర్చి, దువాలు చెప్పి, మేము ఇంటిదారి పట్టాము. విమానం రాత్రి పదకొండు గంటలకు. తెల్లవారుజామున రెండు గంటలకు ఫోను మ్రోగింది. "చాచా, లోపల కూర్చోబెట్టి రెండు గంటలైన తరువాత దించేశారు. టెక్నికల్ ప్రాబ్లం అంటున్నారు" అని ఆ యువకుడి గొంతు.

విమానం లేచింది మరునాటి మధ్యాహ్నం ఒంటిగంటకు. పద్నాలుగు గంటలు! ఆ పద్నాలుగు గంటలలో వారికి దక్కినవి ఒక్కొక్క నీళ్ళ సీసా, ఒక్కొక్క బిస్కెట్ పొట్లం. మా ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ళు త్రాగి మోకాళ్ళు వంగని ఒక వృద్ధురాలు ఉక్కు కుర్చీలో రాత్రంతా కాళ్ళు చాపుకొని కూర్చున్నది. మక్కాలో ముందే సొమ్ము చెల్లించిన గదిలో ఒక రాత్రి వృథా అయినది. ఆ యువకుడికి యజమాని రెండు రోజుల జీతం కోసివేశాడు.

తిరిగి వచ్చిన తరువాత ఫిర్యాదు చేద్దామంటే అందరి నోటా ఒకటే మాట: "పోనీలే భాయ్‌సాబ్, సబర్ చేద్దాం. క్షేమంగా చేరాం, అదే పదివేలు."

ఈ మాటతోనే మా తగవు. ఆపదలో నిబ్బరం కోల్పోకుండుట సబర్. ఆ రాత్రి ఆ వృద్ధులు కేకలు వేయక, సిబ్బందిని దూషించక కూర్చున్నారే, అది సబర్. మరునాటి నుండి చేయవలసినది లెక్క అడగడం. టిక్కెట్టు సొమ్ము పైసాతో సహా వసూలు చేసుకున్న వ్యాపారి ఆ సొమ్ముకు ఇవ్వవలసిన సేవ ఇవ్వకపోతే నిలదీయడం ఏ విధంగానూ ఓర్పుకు విరుద్ధం కాదు. అసలు సంగతి సబర్ కాదని మాకు తెలుసు. గడ్డము, బురఖా గలవారు విమానాశ్రయంలో గొంతు పెంచితే ఏమి జరుగునో అనే భయం అది. ఆ భయానికి కారణాలు లేవని మేము అనము. కాని కాగితం మీద వ్రాసి ఇచ్చే ఫిర్యాదుకు గొంతు పెంచనక్కరలేదు గదా!

మేము సంస్థకు ఉత్తరం వ్రాశాము. జవాబు వచ్చింది: సాంకేతిక కారణం తమ అదుపులో లేనిదట, ప్రయాణికుల భద్రతే తమకు ముఖ్యమట, మనిషికి రెండువేల రూపాయల వోచరు ఇస్తారట, ఆరునెలల లోపు వాడుకోవలెనట. జీవితంలో ఒక్కసారి విమానమెక్కిన ముసలివారు ఆరునెలలలో మళ్ళీ ఎక్కడికి ఎగురుతారు?

భద్రత అన్న మాటకు మా సమాధానం ఇది. చెడిన విమానాన్ని ఎగరనివ్వమని ఎవరూ కోరలేదు. ఆపినందుకు కాదు మా ఫిర్యాదు, ఆపిన తరువాత మనుషులను గాలికి వదిలినందుకు. మాల్ దాటిన తరువాత ఆర్టీసీ బస్సు చెడిపోతే కండక్టరు ఏమి చేస్తాడు? వెనుక వచ్చే బస్సును ఆపి, మళ్ళీ టిక్కెట్టు కొట్టకుండా అందరినీ ఎక్కిస్తాడు. ఆ కండక్టరుకున్న బాధ్యత కోట్ల వ్యాపారం చేసే సంస్థకు లేదా?

ఇక చట్టం సంగతి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010 ఆగస్టులో జారీ చేసి, తరువాత సవరించిన నిబంధనలు ఉన్నవి. జిద్దా వంటి దూర ప్రయాణాలలో ఆలస్యం నాలుగు గంటలు దాటితే భోజనం, ఫలహారం ఇవ్వవలెను. రాత్రి ఎనిమిది నుండి తెల్లవారుజాము మూడు గంటల మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటలు గది ఇవ్వవలెను. మా వారిది పదకొండు గంటల విమానం. అనగా ఆ వృద్ధురాలికి ఆ రాత్రి పడక హక్కుగా రావలసి ఉండినది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

అయితే ఈ నిబంధనలలో ఒక పెద్ద లొసుగు ఉన్నది. సరైన ముందస్తు సమాచారం లేకుండా విమానం రద్దయితే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుండి 10,000 రూపాయల వరకు గాని, మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గాని, ఏది తక్కువైతే అది పరిహారం. ఆలస్యానికి మాత్రం నగదు పరిహారం లేదు! అందుకనే పద్నాలుగు గంటలైనా, ఇరవై గంటలైనా దానికి 'ఆలస్యం' అనే పేరు పెట్టుకుంటే సంస్థకు లాభం. ఐరోపాలో మూడు గంటలు దాటిన ఆలస్యానికి దూరాన్ని బట్టి 250 నుండి 600 యూరోలు చెల్లించవలెను. మామూలు సాంకేతిక లోపాన్ని సాకుగా చూపరాదని, విమానాల మరమ్మతు ఆ వ్యాపారంలో భాగమేనని అక్కడి ఉన్నత న్యాయస్థానం 2008 డిసెంబరులోనే తేల్చింది. మన నిబంధనలలో సంస్థను బాధ్యత నుండి తప్పించే కారణాలుగా వరదలు, అల్లర్లు, సమ్మెలు, వాతావరణం వంటివి పేర్కొన్నారు. సాంకేతిక లోపం పేరు ఎక్కడా లేదు. 'అదుపులో లేని ఇతర కారణాలు' అన్న నాలుగు మాటల సందులోంచి సంస్థలు దూరిపోతున్నవి. ఈ సందు మూయమని మన పార్లమెంటు సభ్యులను అడిగినవారెవరు?

నిబంధనలలో డబ్బు లేదనగానే "ఏమీ రాదు" అని ట్రావెల్ ఏజెంట్లు తీర్పు చెప్పేస్తారు. ఇది సగం నిజం. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరింది, అది 1972 నాటి విమాన రవాణా చట్టంలో భాగమైంది. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వలన కలిగిన నష్టానికి సంస్థదే బాధ్యత. చేయదగిన చర్యలన్నీ చేశామని గాని, చేయడం అసాధ్యమని గాని రుజువు చేసే బరువు కూడా సంస్థ మీదనే. లోపం ఏ భాగంలో? చివరి తనిఖీ ఎప్పుడు? బదులు విమానం ఎందుకు లేదు? వీటికి కాగితాలు చూపవలసినది వారు. మనం చూపవలసినది నష్టం: గది రసీదు, జీతం కోత, టాక్సీ ఖర్చు.

హైదరాబాదుకు సంబంధించిన తీర్పు ఒకటి చెప్పవలెను. 2007 డిసెంబరులో ఢిల్లీ నుండి హైదరాబాదు రావలసిన ఇండిగో విమానం పొగమంచు వలన గంటల తరబడి నిలిచిపోతే, ఒక ప్రయాణికుడు హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్ళి పదివేల రూపాయల పరిహారం పొందాడు. 2011లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. కారణం, పొగమంచు సంస్థ చేతిలో లేనిది. అయినా ఢిల్లీ కోర్టులకే రావలెనన్న టిక్కెట్టు షరతు ఆ లోక్ అదాలత్‌కు అడ్డు కాదని అదే తీర్పులో చెప్పింది. పొగమంచు దైవికం. మరమ్మతు దైవికమా? 2021లో అజ్మీర్–జమ్ము రైలు ఆలస్యమై విమానం తప్పిపోయిన వారి కేసులో, ఆలస్యానికి సంతృప్తికరమైన కారణం చూపలేకపోతే పరిహారం చెల్లించవలసినదేనని సుప్రీంకోర్టు రైల్వేకే చెప్పింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారుడు నివసించే చోటనే కేసు వేయవచ్చును. అనగా మనకు నల్లగొండ జిల్లా కమిషన్ చాలును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. కేసు త్వరగా తేలుతుందని మేము ఆశ పెట్టము, వాయిదాలు పడతవి.

గుమాస్తాగా బతుకంతా గడిపిన వారి చాదస్తంగా తోచినా ఒక మాట. విమానాశ్రయం వదిలేలోగా ఆలస్యానికి కారణం వ్రాయించి తీసుకొనండి. వ్రాయమంటే బోర్డు ఫోటో, వచ్చిన సందేశం భద్రపరచండి. బోర్డింగ్ పాసు పారవేయకండి. ఉత్తరం ఇస్తే తేదీముద్ర వేసిన నకలు తెచ్చుకొనండి. మా ఐదుగురిలో ముగ్గురి బోర్డింగ్ పాసులు జిద్దాలోనే చెత్తబుట్ట పాలైనవి!

ఏజెంట్ల విషయం ఇంకా ఘోరం. గుంపు టిక్కెట్లలో ప్రయాణికుని ఫోను నంబరుకు బదులు తమ నంబరు వేసుకుంటారు. సరైన నంబరు ఇవ్వని ప్రయాణికునికి నగదు పరిహారం లేదని నిబంధనలోనే ఉన్నది. ముసలివారి హక్కు ఏజెంటు వ్రాసిన పది అంకెలలో కొట్టుకుపోతున్నది. టిక్కెట్టు మీద తమ నంబరే ఉండవలెనని జిద్దు చేయండి. మన వారే మన వారికి చేస్తున్న ఈ అన్యాయం గురించి మస్జిద్ కమిటీలు ఎందుకు నోరు విప్పవు?

గడువు రెండు సంవత్సరాలు. ఒడంబడికలోనూ, వినియోగదారుల చట్టంలోనూ అంతే. మా వారి గడువులో సగానికి పైగా కరిగిపోయినది. ఫిర్యాదు తెలుగులో వ్రాసి సిద్ధం చేశాము. నలుగురు సంతకాలు చేశారు. ఆ యువకుడు జిద్దా నుండి అధికార పత్రం పంపుతానన్నాడు గాని, ఉద్యోగానికి ఏమి ముప్పు వస్తుందోనని వాళ్ళ అమ్మీ వద్దంటున్నది. వచ్చే జుమా తరువాత ఆమె ఇంటికి మళ్ళీ వెళుతున్నాము.