చిన్న సినిమా అయితే తప్పులు మాఫీయా?

కాఫీ ట్రేతో అమ్మాయి, బెరుకు బెరుగ్గా అబ్బాయి, ‘కాసేపు వాళ్లిద్దర్నీ మాట్లాడుకోనివ్వండి’ అనే పెద్దాయన... తెలుగు తెర మీద ఈ సీను ఎన్నిసార్లు చూసుంటాం! ఆ ఇద్దర్నీ గదిలోకి పంపాక తలుపు బిగుసుకుపోతే? అమ్మాయికేమో పెళ్లి ఇష్టం లేదు. ఇంకేం, మొహమాటం పక్కన పెట్టి ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. తీరా చూస్తే అబ్బాయి వాళ్లు రావాల్సిన ఇల్లే అది కాదు!

2016 జులైలో వచ్చిన ‘పెళ్లి చూపులు’ మొదలయ్యేది ఇలాగే. ‘సైన్మా’ లాంటి లఘుచిత్రాలు తీసిన తరుణ్ భాస్కర్‌కి ఇదే మొదటి సినిమా. విజయ్ దేవరకొండ, రీతూ వర్మ అప్పటికి స్టార్లు కారు. ఫైట్లు లేవు, ఫారిన్ పాటలు లేవు. అయినా జనం చూశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా, సంభాషణలకుగాను జాతీయ అవార్డులూ వచ్చాయి.

మొన్న టీవీలో మళ్లీ చూస్తూ, ‘సెకండాఫ్ సాగింది’ అన్నాను. పక్కనున్న మిత్రుడికి కోపమొచ్చింది. ‘చిన్న సినిమా కదా, దానికీ వంకలేనా?’ అన్నాడు. నాకెందుకో ఆ జాలి నచ్చలేదు.

ఎందుకంటే ఈ సినిమాలోని మంచి ఏదీ డబ్బు లేక పుట్టింది కాదు. తెలిసి చేసిందే. తర్వాత డబ్బింగ్ చెప్పించకుండా, షూటింగులో పలికిన మాటనే రికార్డు చేశారు. అందుకే మాటల్లో ఆ తడబాటు, ఆ గొణుగుడు... మన ఇంట్లో వాళ్లే మాట్లాడుతున్నట్టుంటుంది. కౌశిక్‌గా ప్రియదర్శిని చూడండి. తెలంగాణ యాసను విలన్‌కో, వెకిలి నవ్వుకో వాడుకున్న తెరమీద, ఇక్కడ యాసను చూసి నవ్వం. అతగాడి అవస్థ చూసి నవ్వుతాం. ఇక చిత్ర! ఫుడ్ ట్రక్ ఆలోచన ఆమెది, లెక్కలు ఆమెవి. గరిటె పట్టేది ప్రశాంత్. ఉపన్యాసం ఒక్కటీ లేకుండానే మగ పని, ఆడ పని తారుమారైపోయాయి.

మరి వంకలు? ప్రశాంత్ అసలు వెళ్లాల్సిన ఆ డబ్బున్న ఇంటి సంబంధం కథకు అడ్డుగోడగా పనికొచ్చిందే తప్ప, ఆ అమ్మాయికంటూ ఓ మనసున్నట్టు కనిపించదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని మనకు తెలిసిపోయాక కూడా వాళ్లను విడిగా ఉంచడానికి కథ నానా తంటాలు పడుతుంది. మొదటి సగంలో పాత మూసను చూసి నవ్విన సినిమా, చివరికొచ్చేసరికి తానూ అదే మూసలో సర్దుకుంటుంది.

ఇందులో డబ్బుతో తీరే లోపం ఒక్కటైనా ఉందా? 1998లో నగేష్ కుకునూర్ దాదాపు 17 లక్షలతో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. అందులో అక్కడక్కడా నటన పచ్చిగా ఉందంటే, పోనీ అనుకోవచ్చు. చేయి తిరిగిన నటులకు డబ్బు కావాలి. కానీ ఓ పాత్రకు మరో రెండు మాటలు రాయడానికి ఖర్చేముంది? కాగితం, కలం. అంతేగా!

‘పెళ్లి చూపులు’ తర్వాత హిందీ, మలయాళం, తమిళాల్లోకీ వెళ్లింది. బడ్జెట్ చూసి ఎవరూ కథ కొనుక్కోరు. ఆ గదిలో ఇద్దరు మనుషులు నిజంగా మాట్లాడుకున్నారు కాబట్టి కొనుక్కున్నారు. అలాంటి సినిమాను ‘పాపం, చిన్నది’ అని భుజం తట్టి వదిలేస్తే, తీసినవాళ్ల తెలివిని తక్కువ చేసినట్టే.

అన్నట్టు, చిన్న సినిమా అని కౌంటర్‌లో మన దగ్గర సగం టికెట్టేమీ తీసుకోరుగా. మరి మనమెందుకు సగం కన్ను మూసుకుని చూడాలి?