సంపాదకుని మాట: ఆరు తూటాల లెక్క

ఈ డిటెక్టివ్ కథల ప్రత్యేక సంచికకు వచ్చిన కథల్లో ఒక తప్పు పదేపదే కనిపించింది: హీరో రివాల్వర్‌కు మ్యాగజైన్ మార్చేస్తున్నాడు! రివాల్వర్‌కు ఉండేది గుండ్రంగా తిరిగే సిలిండర్. అందులో మామూలుగా ఆరు తూటాలు. ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే, పక్క తూటా ముందుకొస్తుంది. పిస్టల్‌లో అయితే రెండో చేత్తో స్లైడ్ వెనక్కి లాగి, మొండికేసిన తూటాను బయటికి నెట్టాలి. పేలిన తూటా డొల్ల ఇరుక్కున్నా ఇదే అవస్థ.

అందుకే నమ్మకమంటే రివాల్వరే అంటారు పాతకాపులు. నేను సగమే ఒప్పుకుంటాను. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీ దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. చేతికి గాయమైన ఒక ఏజెంటు తన రివాల్వర్‌ను తిరిగి నింపుకోలేకపోయాడు. విచిత్రం ఏమిటంటే, ఆ పోరాటాన్ని ముగించిందీ రివాల్వరే. ఒక చెయ్యి ఛిద్రమైన మరో ఏజెంటు రెండో చేత్తో పేల్చాడు. అయినా ఆ తర్వాత అమెరికా పోలీసులు ఎక్కువ తూటాలు పట్టే పిస్టళ్ల వైపు వేగంగా మళ్లారు.

రచయితలకు మనవి: కథ పంపేముందు మీ హీరో చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోండి. రివాల్వరైతే, దయచేసి ఏడో తూటా పేల్చనివ్వకండి.