సాల్వెన్సీ అడిగే సార్లకి ఒక గూడెం కుర్రాడి జవాబు



మా గూడేనికి రోడ్డు శాంక్షన్ అయింది. సంతోషమే. డోలీ మోసి మోసి భుజాలు కాయలు కాచిన ఊరు మాది. కానీ ఆ రోడ్డు వేస్తున్నది మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టరు. రాళ్లు మోసేది మా అక్కలు. లెవెల్ చూసేది, కొలతలు రాసేది సివిల్ డిప్లొమా చేసిన మా చిన్నాన్న కొడుకు, అదీ నెల జీతానికి. పని తెలిసినోడు కింద, లైసెన్స్ ఉన్నోడు పైన.

"మీరే రిజిస్టర్ చేయించుకోవచ్చుగా, ఎవరు వద్దన్నారు?" అంటారు. పోయినేడాది నేనూ తమ్ముడూ ఆ పని మీదే తిరిగాం. పాన్ కార్డు, జీఎస్టీ, డిజిటల్ సంతకం అన్నీ తెచ్చుకున్నాం. చివరికి ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాం. సాల్వెన్సీ సర్టిఫికెట్. అంటే నష్టం వస్తే కట్టుకోగల ఆస్తి నీకుందని చూపించే పత్రం. మా పాస్‌బుక్ చూసి అక్కడి సారు నవ్వాడు. "ఏజెన్సీ భూమి గదయ్యా! దీన్ని ఎవడు కొంటాడు? విలువ ఎంతని రాయను?"

ఆ నవ్వుకే ఈ జవాబు.

మన భూమిని గిరిజనేతరులు కొనకూడదని 1959 రెగ్యులేషన్ ఉంది. దాన్ని గట్టి చేసింది 1970 నాటి 1/70. భూమిని బ్యాంకులో తనఖా పెట్టినా, బాకీ పడితే ఆదివాసీకో ఆదివాసీ సొసైటీకో తప్ప అమ్మడానికి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకి దక్కుతుంది గానీ అమ్మకానికి, బదిలీకి వీల్లేదు. ఇవి మనల్ని కాపాడటానికి రాసిన చట్టాలు, మన పెద్దలు కొట్లాడి నిలబెట్టుకున్నవి. అదే ప్రభుత్వం ఇంకో కిటికీ దగ్గర కూర్చుని "నీ భూమి అమ్ముడుపోదు, కాబట్టి నువ్వు పనికిరావు" అంటోంది. కాపాడటానికి కట్టిన కంచెనే మెడకి ఉరి చేస్తున్నారు.

ఇక్కడే ఇంకో గొంతు వినిపిస్తుంది. "అందుకే 1/70 ఎత్తేస్తే మీరే బాగుపడతారు" అని. జాగ్రత్త! 1/70 పోతే ఇవాళ సాల్వెన్సీ వస్తుంది, రేపు భూమి పోతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంత గట్టి గోడని ఒక టెండరు కాగితం కోసం కూల్చుకుంటామా? మారాల్సింది భూమి చట్టం కాదు, టెండరు నిబంధన.

కాస్త పెద్ద పనికి పోతే అనుభవం అడుగుతారు. గడిచిన ఏళ్లలో అలాంటి పని చేసి ఉండాలట. పని ఇస్తే గదా అనుభవం వచ్చేది! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

"రిజిస్ట్రేషన్ నాణ్యత కోసం" అంటారు. ఒప్పుకుంటా, నాణ్యత చూడాల్సిందే. ఆ రోడ్డు మీద నిండు చూలాలిని తీసుకెళ్లేది మేమే కాబట్టి నాణ్యత అందరికంటే మాకే ఎక్కువ కావాలి. మరి లైసెన్స్, సాల్వెన్సీ అన్నీ ఉన్న కాంట్రాక్టరు కట్టిన మా కల్వర్టు మొదటి వానాకాలానికే ఎందుకు కొట్టుకుపోయింది? వాగు ఎక్కడ పొంగుతుందో మా ముసలోళ్లని అడగలేదు గనక.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఎస్టీ కోటా పనుల్లో పేరు మనోడిది, డబ్బు బయటోడిది. సంతకం పెట్టినందుకు చేతిలో ఇంత పెడతారు. అన్నలారా, అమ్ముతున్నది సంతకం కాదు, మన తమ్ముళ్ల బతుకుతెరువు.

వందేళ్ల కింద ఇదే మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండోళ్లని వాడుకుని కూలి ఎగ్గొట్టాడు. 1922లో అల్లూరి వెంట మన ముత్తాతలు నడవడానికి ఆ రోడ్డు కూడా ఒక కారణం. అప్పుడు కూలి అడిగాం. ఇప్పుడు పనే అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న పనులకి స్థానిక ఆదివాసీలని, ఆదివాసీ కూలీల సొసైటీలని భూమి విలువ మీద సాల్వెన్సీ అడగొద్దు. భయముంటే బిల్లులోంచి కొంత పట్టుకోండి, పని నిలబడ్డాక ఇవ్వండి.

రెండు, డిప్లొమా, బీటెక్ చదివిన మన పిల్లలు సైట్లలో చేసిన పనిని అనుభవంగా లెక్కించండి.

మూడు, 1996 పెసా చట్టం ప్రకారం పంచాయతీ ఖర్చు చేసిన నిధులకి గ్రామసభ ధ్రువీకరణ ఉండాలి. ఏ శాఖ పనైనా ఇదే పద్ధతి పెట్టండి. గ్రామసభ సరేననందే ఫైనల్ బిల్లు వద్దు.

నాలుగు, బినామీ అని తేలితే పేరు ఇచ్చినోడి లైసెన్సూ, వెనకున్నోడి లైసెన్సూ రెండూ రద్దు చెయ్యండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, షేర్ కొట్టి ఊరుకోవద్దు. వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా రాయించండి. ఒక కాపీ ఐటీడీఏ పీవోకి ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు మరువద్దు.

మా భూమికి విలువ ఎంతని అడిగావు గదా సారూ? అమ్మకపోవడమే దాని విలువ.

మా ఊరి పని మా చేతికే! జై ఆదివాసీ!